నా ఫోన్‌ల నాలుగు లాగిన్లు

"తాగి పడుకున్నడట, మళ్ల లేవలేదట." వెబ్‌సైటుల ఆయన సావు వార్త కింద మొట్టమొదట పడ్డ మాట గిది. రాసినోడు ఎవడో నాకు తెల్వది. పేరు కాడ ఏదో సినిమా హీరో బొమ్మ పెట్టుకున్నడు. దాని కింద ఇంకోడు, "మొదటి నుంచి అలవాటుండె గదా" అని రాసిండు. మూడోవాడు దండం పెట్టే బొమ్మలు పెట్టి, "మందు మానుండ్రి అన్నలారా" అని నీతి చెప్పిండు. నేను పని కాడ స్టోర్ రూముల కూసొని చదువుతున్న. ఒళ్లంత మండింది. మనిషిని ఇంక శవాల డబ్బల గూడ పెట్టలే, అప్పుడే తాగుబోతును చేసిండ్రు.

ఆయనది జగిత్యాల దిక్కు, నాది గూడ అదే దిక్కు. చుట్టాలం గాదు. కానీ ఖతర్‌ల మా లేబర్ క్యాంపుకు వచ్చిన మొదటి రోజే నన్ను బావా అన్నడు, నేను గూడ బావా అన్న, ఇగ అదే ఖాయమైంది. బర్వా అల్ బరాహాల ఉన్న ఆ క్యాంపుల, మా రూముల నా కింది మంచం ఆయనది. గురక పెడితే నేను మీది నుంచి కాలుతోని తంతుంటి. పొద్దున లేచి, "మాపు మీది నుంచి గాడిద తన్నింది" అని రూమంత చెప్పుకుంట తిరిగేటోడు. రాడ్లు కట్టే పని ఆయనది. చేతులు ఎప్పుడు చూసినా తీగ గీకిన గాట్లే.

తాగుడు సంగతి గూడ చెప్పాలె. ఊర్ల ఉన్నప్పుడు తాగిండు, ఆయనే చెప్పిండు. ఖతర్‌కు వచ్చినంక ముట్టలే. ఇక్కడ దొంగతనంగ సీసాలు దొరకవా అంటే దొరుకుతయ్, నేనెందుకు అబద్ధం ఆడాలె. ఆయన మాత్రం పెండ్లాం మీద ఒట్టు పెట్టి మానిండు. ఆమె ఇంటికాడ బీడీలు చేసుకుంట వీడియో కాల్ చేసేది. చేసిన ప్రతిసారి మొదటి మాట, "ఊదు" అనే. ఈయన ఫోన్ దగ్గర మొఖం పెట్టి హూ అని ఊదేటోడు. ఫోన్‌ల వాసన వస్తదా, ఏం ఆలుమగలయ్యా మీరు అని మేము పడి పడి నవ్వేది. ఆమె మాత్రం నవ్వకుంట, "సరే, ఇగ మాట్లాడు" అనేది.

అసుంటోన్ని తాగి సచ్చిండంటే నేనెట్ల ఊకోవాలె.

అసలు ఏమైందో చెప్త. మాలో ఏ ఒక్కడు మొత్తం చూడలే. అదే పెద్ద తకరారు అయింది తర్వాత.

అల్ రయ్యాన్‌ల ఒక బిల్డింగు కడుతున్నం. ఆగస్టు నెల. ఎండ కంటే ఎక్కువ ఉక్కపోత, బనీను పిండితే నీళ్లు కారుతయ్. మిట్ట మధ్యాహ్నం పని బంద్ పెట్టాలె అని రూలుంది, పెడుతరు గూడ. కానీ పొద్దుగాలనే గాలి ఆడకుంటయితే దానికి ఏ రూలూ లేదు. మీది అంతస్తుల ఆయన రాడ్లు కట్టుకుంట ఛాతీ పట్టేసిందని కూసున్నడు. ఫోర్మన్ "యల్లా, యల్లా" అని తొందర పెట్టిండు. మళ్ల లేచి పని చేసిండు. తర్వాత కక్కుకున్నడు, పడ్డడు. ఇదంత చూసింది ధర్మపురి కాక. మా రూముల పెద్దమనిషి, ఆయన పక్కనే పని చేస్తుండె. కాక తలకాయ ఒళ్లె పెట్టుకొని నీళ్లు తాగిపిచ్చిండు. నీళ్లు లోపలికి పోలేదట, చెంప మీదికెల్లి కారినయట.

నేను స్టోర్ కిటికీల నుంచి చూసింది ఇంతే. ప్లైవుడ్ చెక్క మీద పండబెట్టి కిందికి తెచ్చిండ్రు, కంపెనీ వ్యాన్‌ల ఎక్కిచ్చిండ్రు. ఆయన కండ్లు తెరిచే ఉన్నయ్, నా దిక్కు చూసిండు. ఆస్పత్రికి తీస్కపోతున్నరు, సెలైన్ ఎక్కిచ్చి పంపుతరు అనుకున్న. మళ్ల లోపలికి పోయి గ్లౌజులు లెక్కపెట్టుకుంట కూసున్న.

వ్యాన్ తోలింది మా భాయ్. కరీంనగర్ టౌన్ మనిషి, ఇంట్ల దక్ఖినీ ఉర్దూ, మాతోని తెలుగు. భాయ్ ఆస్పత్రి దిక్కు తిప్పిండు. పక్కన కూసున్న ఫోర్మన్ ఎవనితోనో ఫోన్‌ల మాట్లాడి, ఆస్పత్రి వద్దు, క్యాంపుకు పోనియ్, ఏసీల పండుకుంటే లేస్తడు అన్నడు. దార్ల మూలుగు వినవడ్డది, తర్వాత వినవడలే. అది భాయ్ చెప్పిన మాట.

క్యాంపు రూముల నిర్మల్ తమ్ముడు, నిర్మల్ దిక్కు చిన్న పిలగాడు, ఒక్కడే ఉన్నడు, జ్వరమొచ్చి డ్యూటీకి పోలే. ఇద్దరు మనుషులు బావను మోస్కొచ్చి మంచంల పండబెట్టి, చద్దరు కప్పి, ఏసీ పెంచి పోయిండ్రట. తమ్ముడు లేచి కాళ్లు పట్టి చూస్తే సల్లగున్నయట. అంబులెన్సుకు ఫోన్ చేసింది వాడే. వాళ్లు వచ్చి చూసి ఏం చేయలేదు, చేసేదానికి ఏం లేకుండె.

సావు కాగితంల ఏమొచ్చింది? రూముల, మంచంల, నిద్రల, గుండె ఆగి. బిల్డింగు మాట లేదు, వ్యాన్ మాట లేదు. బూట్లు ఇంక కాళ్లకే ఉన్నయని నిర్మల్ తమ్ముడు చెప్పిండు. బూట్లతోని ఎవడన్న నిద్రపోతడా?

మనోళ్లకు ఒక వెబ్‌సైటు ఉంది. వాట్సాప్ వచ్చినంక అన్నీ మూతబడ్డయ్ గని ఇది నడుస్తనే ఉంది. ఎందుకంటే వాట్సాప్‌ల పొద్దున పెట్టింది మాపటికి ఎక్కడికో కిందికి పోతది. వెబ్‌సైటుల అట్లనే ఉంటది. రూములు ఎక్కడ ఖాళీ ఉన్నయ్, ఎవరు ఇంటికి పోతున్నరు, ఎవరి సామాను తీస్కపోతరు, ఏ కంపెనీ మంచిది, అన్నీ దాంట్లనే. సావు వార్తలకు వేరే పేజీ ఉంటది. ఊర్లల్ల ఆడోళ్లు పొద్దున లేచి ముందుగాల ఆ పేజీ తీసి చూస్తరు, తమ మనిషి పేరు లేదని చూసుకొని అప్పుడు పొయ్యి ముట్టిస్తరు.

దానికి మూడు డొమైన్ పేర్లున్నయ్. మొదట్ల కొన్న పేరు ఒకటి. ఊర్లోళ్లకు గల్ఫంత దుబాయే గదా, అందుకని దుబాయ్ అన్న మాట వచ్చేటట్టు ఇంకోటి కొన్నరు. మొదటిది ఒకసారి ఆగిపోతే భయపడి మూడోది తీస్కున్నరు. ఏ పేరు కొట్టినా పోయేది ఒక్క ఇంటికే, దర్వాజాలు మాత్రం మూడు. ఒక దర్వాజల లాగిన్ అయితే రెండో దర్వాజకు ఆ సంగతి తెల్వది, అక్కడ వేరే పేరుతోని లాగిన్ అయినా ఊకుంటది. ఈ కిటుకు నేను ఎప్పుడో కనిపెట్టిన. చదువు డిగ్రీల ఆపేసినా స్టోర్‌ల కంప్యూటర్ ముందట కూసుంట, ఇసుంటివి తెలుస్తయ్.

సావు వార్త పెట్టింది గూడ నేనే, నా పాత లాగిన్‌తోని. ఊరు రాసిన, నిద్రల కాదు పని కాడ పడ్డడు అని రాసిన. దాని కిందనే గా తాగుబోతు మాటలు మొదలైనయ్.

రెండు రోజులకు ఆమె తమ్ముడు ఫోన్ చేసిండు. సావు కబురు వానికి చెప్పింది నేనే, నంబర్ అట్ల ఉంది. "అన్నా, నిజం చెప్పు, మా బావ తాగిండా?" అన్నడు. లేదురా అని మొత్తం చెప్పిన. ఇని ఇని, "నువ్వు దోస్తువు గదన్నా, నువ్వు గట్లనే చెప్తవ్" అన్నడు. ఊర్ల అందరు అదే అంటున్నరట. పలకరియ్యనీకె వచ్చేటోళ్లు గూడ మూతులు తిప్పుతున్నరట. "మా అక్క పొద్దుమాపు గా వెబ్‌సైటే చూస్కుంట కూసుంటుంది. అన్నం ముడుతలేదు. తాగలేదని ఒట్టేసిండు, నాకు ఒట్టు తప్పిండా అని అదొక్కటే అడుగుతుంది" అన్నడు.

అది ఇన్నంక నా పానం ఆగలే. ఆమె దగ్గర ఆయన మాట దక్కాలె. మిగిలినయ్ అన్నీ తర్వాత.

శుక్రారం సెలవు. రూముల అందరం కూసున్నం, భాయ్‌ని గూడ పిలిచినం. నేనన్న, ఒక్కడు చెప్తే దోస్తు చెప్పిండంటరు, ఎవడు చూసింది వాడు చెప్పాలె, నాలుగు ముక్కలు కలిస్తేనే మొత్తం తెలుస్తది అని. కాక వెంటనే సరే అన్నడు. నిర్మల్ తమ్ముడు, "పేరు పెడితే కంపెనీ ఊకుంటదా, ఎల్లుండే టికెట్ చేతుల పెట్టి పంపుతది" అన్నడు. వాన్ని తప్పు పట్టేదేముంది, కిందటేడే వచ్చిండు. భాయ్ గడ్డం గోక్కుంట, "మియా, నా లైసెన్స్ కంపెనీ చేతుల ఉంది. పేరు నక్కో. మాట మాత్రం రాయ్, అల్లా చూస్తుండు" అన్నడు.

అట్ల పేర్లు లేకుంట లాగిన్లు తీద్దామనుకున్నం. కానీ తీసేదెవడు? కాకది బటన్ల ఫోన్. తమ్మునికి తెలుగు చదువొస్తది, టైపు చేయరాదు. భాయ్ ఉర్దూ రాస్తడు, అది మా ఊరోళ్లు చదవరు. నోటితోని చెప్తే ఫోన్ రాసుకుంటదట గదా అని కాక చెప్పి చూసిండు. కాక మాట ఒకటి, ఫోన్ రాసింది ఇంకోటి, చదివితే నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలే. మా క్యాంపుల మొదటి నుంచీ ఉన్న పద్ధతే అది, రాసెటోడు ఒకడుంటే అందరివీ వాడే రాస్తడు. ఇంటికి పంపే మాటలు, కంపెనీకి పెట్టే అర్జీలు, భార్యతోని కొట్లాటయితే బుదగరిచ్చే మెసేజ్ గూడ నాతోనే రాయించుకునేటోళ్లు. ఎవనికీ అది మోసం అనిపియ్యలే. చేయి నాది, మాట వాళ్లది.

కాకకు మొదటి దర్వాజల లాగిన్ తీసిన. నిర్మల్ తమ్మునికి రెండోదాంట్ల. భాయ్‌కి మూడోదాంట్ల. నాది ముందు నుంచే ఉంది, నాది రాసి లాగౌట్ అయిన. ఒక్కొక్కడు వచ్చి నా మంచం మీద కూసొని చెప్పిండు, నేను కొట్టిన. ఒక్క మాట నా సొంతం కలపలే. కాక చెప్పుకుంట చెప్పుకుంట ఆగిపోయి, "నీళ్లు చెంప మీదికెల్లి కారినయ్ అని రాసినవా? అది రాయ్" అన్నడు. రాసినంక చదివి వినిపిచ్చిన. తమ్ముడు, "బూట్లు మరిచిపోయినవన్నా" అని గుర్తు చేసిండు. భాయ్‌ది చదివినంక ఆయన లేచి పోయి చాలసేపు బయట నిలవడ్డడు.

పెట్టినంక మంచిగనే అయింది. తాగుబోతు అన్నోడు ఒకడు వాని మాట వాడే తీసేసుకున్నడు. ఊర్ల ఆయన చిన్ననాటి దోస్తులు నలుగురైదుగురు వచ్చి, "మా వాడు అసుంటోడు గాదు" అని రాసిండ్రు. తమ్ముడు, ఆమె తమ్ముడే, ఫోన్ చేసి, "అక్క నాలుగూ చదివింది, ఇయాల ఇంత అన్నం తిన్నది" అన్నడు. నాకు ఎంత నిమ్మళమైందో చెప్పలేను. ఆ రోజు రూముల కోడికూర వండినం.

చెడగొట్టింది నేను చేసిన గడబిడ. డ్యూటీల ఉన్న, స్టోర్‌ల లైన్ కట్టిండ్రు, ఒకడు డ్రిల్ బిట్లు అంటడు, ఒకడు హెల్మెట్ అంటడు. ఫోన్ మోగింది. కాక రాసిన దాని కింద ఎవరో, "నువ్వు ఆడ ఉన్నవా, కండ్లతోని చూసినవా?" అని అడిగిండ్రు. మూడు పేజీలు తెరిచే ఉన్నయ్, మూడూ చూడనీకె ఒక్కతీరుగనే ఉంటయ్. గబగబ కొట్టిన, "పక్కనే ఉన్న, నా ఒళ్లె తలకాయ పెట్టుకొని నీళ్లు తాగిపిచ్చిన" అని. అది పోయి నిర్మల్ తమ్ముని లాగిన్‌ల పడ్డది. అంతకు మునుపే వాడు, జ్వరమొచ్చి పొద్దంత రూముల పండుకున్న అని రాసి ఉండె గదా.

చూసుకొని తీసేసిన. తీసేసేలోపే ఎవడో ఫోటో తీసి పెట్టిండు. "రూముల పండుకున్నోడు బిల్డింగు మీద నీళ్లెట్ల తాగిపిచ్చిండు?" అని. ఇగ సూడు, ఒకని మీద ఒకడు. సినిమా హీరో బొమ్మోడు మళ్ల లేచిండు.

మాపటికల్లా వెబ్‌సైటు అడ్మిన్ సారు నాలుగు లాగిన్లూ బంద్ పెట్టి, మీదికెల్లి ఎర్ర అక్షరాలతోని రాసిండు. నాలుగు లాగిన్లూ ఒకే ఫోన్ నుంచి, వేరే వేరే డొమైన్ల ద్వారా వాడారని తేలింది, రాసింది ఒక్కరే, ఈ వార్తలో ఏదీ నమ్మవద్దు, అని. సావు వార్త పెట్టింది నేనే గదా, అది నా లాగిన్‌లనే ఉంది. మూడు దర్వాజల్లనూ అదే ఎర్ర మాట కనవడ్డది. మా ఊర్లల్ల అడ్మిన్ రాసిండంటే సర్కారు రాసినట్టే.

ఆమె తమ్మునికి ఫోన్ చేస్తే ఎత్తలే. మళ్ల చేస్తే కట్ చేసిండు. తర్వాత నంబరే కలువలే.

ఆ తర్వాతి శుక్రారం అబూ హమూర్ పోయిన, ఆ అడ్మిన్ సారు ఉండేది అక్కడనే. కోస్తా మనిషి, ఆఫీసుల లెక్కలు చూసే ఉద్యోగం. జీతం లేకుంట ఈ వెబ్‌సైటు ఆయనే నడుపుతడు. తలుపు తీయంగనే అరిచిన. "సచ్చినోడు మీకు ఫేక్ లెక్క కనవడ్డడా సార్?" అన్న. ఇంట్ల చిన్న పిల్ల భయపడి లోపలికి ఉరికింది. ఆయన నన్ను తిట్టలే. కూసోబెట్టి చాయ్ ఇచ్చిండు.

"చూడండి, ఇంతకుముందు ఒకడు ఇలాగే పది లాగిన్లు పెట్టి, చావు పేరు చెప్పి చందాలు వసూలు చేసుకుని వెళ్ళిపోయాడు. ఆ చచ్చిపోయాడన్నవాడు ఒమన్‌లో, సలాలాలో హాయిగా ఉన్నాడు. అప్పట్నుంచీ ఒక మనిషికి ఒక లాగిన్ అని రూలు పెట్టాం. మీది నిజమే కావచ్చు. నాకెలా తెలియాలి?" అన్నడు.

"చేయి నాది సార్, మాట వాళ్లది. వాళ్లకు రాయరాదు. మా కాడ అందరివీ ఒక్కడే రాస్తడు, మీరు క్యాంపుకు వచ్చి చూడుండ్రి."

"వాళ్ళ బతాకాలు, అవే ఐడీ కార్డులు తీసుకుని ముగ్గుర్నీ తీసుకురండి. అసలు పేర్లతో పెడితే నేనే మళ్ళీ పైన వేస్తాను, తప్పయిందని కూడా రాస్తాను" అన్నడు ఆయన. అసలు పేర్లు పెట్టలేకనే గదా ఈ తిప్పలంత. అది గూడ చెప్పిన. ఆయన మొఖం చిన్నబోయింది. ఎర్ర మాట తీసేస్తే మళ్ల దొంగలు వస్తరని ఆయన భయం, పేరు పెడితే నౌకరి పోతదని మా భయం. ఇద్దరి మాటా నిజమే, అందుకనే నాకు ఇంక ఎక్కువ కోపమొచ్చింది. చాయ్ సగం తాగి లేచిన.

క్యాంపుకు వచ్చేసరికి పొద్దు గూకుతుంది. కాక ఉల్లిగడ్డలు కోస్తుండు, తమ్ముడు బియ్యం కడుగుతుండు. భాయ్ వచ్చి కూసున్నడు, ఏమైందని అడగనీకె. నేను చెప్పేలోపల ఫోన్ మోగింది. కొత్త నంబర్, ఇండియాది. ఎత్తితే ఆడమనిషి గొంతు. వీడియో కాల్‌ల ఎన్నోసార్లు ఇన్న గొంతే, గుర్తువట్టిన. తిడుతది, తిట్టనీ అనుకున్న. అందరూ వినాలె, నేనొక్కన్నే ఎందుకు పడాలె అని స్పీకర్ పెట్టిన.

"అన్నా, గవన్నీ నువ్వొక్కనివే రాసినవట గదా" అన్నది.

"చెల్లె, నేను చెప్పేది ఇను..."

"నేను తిట్ట అన్నా. నీకేం అవసరమొచ్చి రాసినవో నేనడగ. వద్దు నాకు." గొంతుల ఏడుపు లేదు. నేను నెలల తరబడి ఇన్న గొంతు, గింత మెత్తగ ఎప్పుడూ లేకుండె. "నాలుగూ అబద్ధమే అని రాసిండ్రు. ఏదీ నమ్మొద్దు అని రాసిండ్రు. మీద ఉన్న సావు వార్త గూడ నువ్వే పెట్టినవ్ గదన్నా. గది గూడ అబద్ధమే గదా?"

నాకు మొదలు అర్థం గాలే. కాక కత్తి కింద పెట్టిండు.

"డబ్బ ఇంక రాలే" అన్నది ఆమె. "ఇయాల వస్తది, రేపు వస్తది అంటున్నరు, వస్తలేదు. కంపెనీల నుంచి ఎవరో హిందీల మాట్లాడిండ్రట, మా తమ్మునికి హిందీ సక్కగ రాదు. ఫోటో పంపమంటే ఎవరు పంపలే. ఆయన జైల్ల ఉన్నడా అన్నా? ఎవరితోనన్న కొట్లాట పెట్టుకున్నడా? ఏదైనా మంచిదే, చెప్పు. నేను ఎవ్వరికీ చెప్ప."

 ఆయన మాట దక్కియ్యాలని రాసిన నేను. ఆ రాసిన దాన్ని పట్టుకొని, ఎర్ర అక్షరాలు చదివి, ఈమె మొగన్ని బతికిచ్చుకున్నది. ఎన్ని రోజుల నుంచి ఇదే అనుకుంట కూసున్నదో. అవును చెల్లె, సచ్చిపోయిండు అని నేను చెప్తే నమ్ముతదా? నేను నాలుగు పేర్లోన్ని. నా మాటకు ఇగ విలువేముంది.

"చెల్లె, బావ సచ్చిపోయిండు" అన్న ఎట్లనో.

"నువ్వు చెప్పకు" అన్నది. "నువ్వు చెప్తే నేను నమ్మ."

ఫోన్ కాక గుంజుకున్నడు. తడి చేతులతోనే. "బిడ్డా" అన్నడు. తర్వాత ఆయన ఏం చేసిండంటే, తన పేరు చెప్పిండు. ఇంటిపేరుతోని సహా. తండ్రి పేరు చెప్పిండు, ఊరు చెప్పిండు, ఊర్ల ఇల్లు ఎక్కడుంటదో చెప్పిండు, కావాల్నంటే మనిషిని పంపి మా ఇంటోళ్లను అడిగిచ్చుకో అన్నడు. పేరు పెట్టనీకె భయపడి గింత దూరం తెచ్చుకున్నం, ఆ పేరే ఇప్పుడు అందరికంటే ముందు చెప్పిండు. అప్పుడు చూసిందంత చెప్పిండు. ఛాతీ పట్టుకున్నది, యల్లా అన్నది, కక్కుకున్నది, ఒళ్లె తలకాయ పెట్టుకున్నది. రాసిన దాంట్ల ఒక్క మాట తక్కువ లేదు, ఎక్కువ లేదు. 

కాక చేతుల నుంచి భాయ్ తీస్కున్నడు. పేరు చెప్పిండు, కరీంనగర్‌ల గల్లీ పేరు చెప్పిండు. "బెహన్, వ్యాన్ తోలింది నేను" అన్నడు. ఆస్పత్రి దిక్కు తిప్పిన, ఫోర్మన్ వెనక్కి తిప్పమన్నడు, నేను తిప్పిన అన్నడు. ఆ మాట అన్నంక ఫోన్ తమ్ముని చేతుల పెట్టిండు.

వాడు చిన్నోడు, ఫోన్ రెండు చేతులతోని పట్టుకున్నడు. పేరు చెప్పిండు, ఊరు చెప్పిండు. "అక్కా, రూముల నేనొక్కన్నే ఉన్న. బూట్లు నేనే విప్పిన" అన్నడు. దానికి ఆమె ఒక్కటే అడిగింది. "కాళ్లు సల్లగుండెనా?"

"ఉండె అక్కా."

ఫోన్‌ల వెనకాల ఎవరిదో కోడి అరుస్తుంది, టీవీ నడుస్తుంది. మేము నలుగురం ఆ ఫోన్ చుట్టూ నిలవడి చూస్తున్నం. నాలుగు నోళ్లు నలుగురు మనుషులవే అని ఆమెకు తెలిసిపోయింది. మేము కావాలన్నది గదే. ఇయాల మా మాట నమ్మింది, నమ్మి మొగన్ని ఇంకోసారి పోగొట్టుకున్నది. ఈసారి మేమే చేసినం, ఒకని తర్వాత ఒకడు, వరసగ.

"అన్నను పిలువుండ్రి" అన్నది. నేను దగ్గరికి పోయిన.

"అయితే తాగలే" అన్నది.

"తాగలే చెల్లె. ఒట్టు తప్పలే. అందరం చూసినం."

ఆమె ఏడుస్తలేదు. బీడీలు చేసుకుంట ధర మాట్లాడినట్టు, మెల్లగ, సక్కగ అన్నది.

"తాగి ఉంటే బాగుండు గదన్నా. అంత నొప్పి తెల్వకపోతుండె."